రాదన్న భాష

సెర్బియా దేశపు ఉత్తర మైదానంలో, తొపోలిక అనే చిన్న ఊళ్లో, తనకు శుభ్రంగా వచ్చిన భాషను రాదని బుకాయించే స్వెతొజార్ అనే గ్రామ కార్యదర్శి ఉండేవాడు.

రానిది వచ్చని కోతలు కోసేవాళ్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతారు. వచ్చినదాన్ని రాదనేవాడు మాత్రం అరుదు. అలాంటివాడు తొపోలికలో ఎలా తయారయ్యాడో చెప్పాలంటే ముందు ఆ ఊరి సంగతి కొంచెం చెప్పాలి.

ఆ ఊళ్లో ఉన్నవి మూడే వీధులు. ఎగువ వీధిలో సెర్బులు, నడి వీధిలో స్లొవాకులు, కాలువ పక్కనున్న దిగువ వీధిలో హంగేరియన్లు ఉండేవారు. వీధికో భాష, వీధికో చర్చి. క్రిస్మస్ మాత్రం ఏటా రెండుసార్లు వచ్చేది. డిసెంబరులో హంగేరియన్లకూ స్లొవాకులకూ, జనవరిలో సెర్బులకు. ఒకరి పండగనాడు రెండోవాళ్లు వచ్చి పశువులకు మేత వేసి, పాలు పితికి పెట్టేవారు. పిల్లలు ఏ పండగనూ వదలకుండా అందరిళ్లలోనూ తిని కడుపునొప్పి తెచ్చుకునేవారు.

వాళ్లలో ఒక ఆచారం ఉండేది. పిల్లవాడికి ఏడెనిమిదేళ్లు రాగానే ఇంకో వీధిలోని స్నేహితుల ఇంటికి ఏడాదిపాటు పంపేవారు. బదులుగా ఆ ఇంటి పిల్లవాణ్ని తమ ఇంటికి తెచ్చుకునేవారు. పాఠాలు చెప్పడం, పలక పట్టించడం ఏమీ ఉండేది కాదు. ఆకలేస్తే రొట్టె అడగాలి కదా, ఆ అడగడంలోనే భాష వచ్చేసేది. ఏడాది తిరిగేసరికి వాడు రెండిళ్ల పిల్లవాడై తిరిగొచ్చేవాడు. ఊళ్లో తగాదాలు వచ్చినా ముదరకపోవడానికి ఈ పద్ధతే కారణమని పెద్దవాళ్లు చెప్పుకునేవారు.

అలా స్వెతొజార్ ఎనిమిదో ఏట దిగువ వీధిలో ఎతెల్కా అనే ఆమె ఇంటికి వెళ్లాడు. ఎతెల్కా కొడుకు గాబోర్ స్వెతొజార్ వాళ్లింటికి వచ్చాడు. వెళ్లిన కొత్తలో స్వెతొజార్ గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. ఎతెల్కా వాణ్ని బుజ్జగించడం మానేసి పనులు చెప్పింది. బాతులను తోలుకు రమ్మనేది, పుల్లలు అందించమనేది, తలుపు వెయ్యమనేది. చేతులు పనిలో పడ్డాక ఏడుపు ఆగింది. ఏడుపు ఆగాక మాట వచ్చింది. ఆ చలికాలం వాడికి జ్వరం పట్టుకుంటే ఆమె మంచం పక్కనుంచి కదల్లేదు. తన కొడుక్కి అల్లిన ఉన్ని చొక్కా వీడికి తొడిగింది. ఏడాది ముగిసి ఇంటికి వెళ్లాల్సిన రోజు స్వెతొజార్ మళ్లీ గుమ్మంలో కూర్చుని ఏడ్చాడు. ఈసారి ఏడ్చింది వెళ్లనని.

పెద్దయ్యాక అతను చదువుకోవడానికి పట్నం వెళ్లాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. అతని సెర్బియన్‌లో ఎక్కడో ఒకచోట హంగేరియన్ యాస తొంగిచూసేది. తోటి కుర్రాళ్లు అది పట్టుకున్నారు.

"ఏరా హంగేరీ వాడా, బాతులు అమ్ముకోవడానికి వచ్చావా?" అని ఏడిపించేవారు.

అందులో తప్పేముందని అతను ఎదురు తిరగలేదు. గదిలో అద్దం ముందు నిలబడి యాస మార్చుకున్నాడు. ఎవరైనా "నీకు హంగేరియన్ వచ్చట కదా?" అని అడిగితే "అబ్బే, ఎవరు చెప్పారు?" అన్నాడు. మొదటిసారి అన్నప్పుడు చెవులు వేడెక్కాయి. రానురాను ఆ వేడి కూడా తగ్గిపోయింది. అబద్ధానికి అలవాటు పడడం అంత కష్టమేమీ కాదు, మొహమాటం ఒక్కటి వదులుకుంటే చాలు.

చదువు ముగించుకుని సొంత ఊరికే కార్యదర్శిగా వచ్చాడు. దిగువ వీధివాళ్లు సంబరంగా హంగేరియన్‌లో పలకరించారు. అతను ముఖం సీరియస్‌గా పెట్టి, "చిన్నప్పుడేదో వచ్చేది. ఇప్పుడు పూర్తిగా మరిచిపోయాను" అని సెర్బియన్‌లో జవాబిచ్చాడు. పాపం, వాళ్లు నమ్మారు. పెద్ద చదువు బుర్రకెక్కాలంటే చిన్ననాటివి కొన్ని దిగిపోవాలేమో అనుకున్నారు. వాళ్లందరికీ సెర్బియన్ వచ్చు కాబట్టి ఎవరి పనీ ఆగలేదు. ఎతెల్కా కూడా కొంచెం నిరాశపడి, తనకు వచ్చిన అరకొర సెర్బియన్‌లోనే అతనితో మాట్లాడటం మొదలుపెట్టింది.

ఒక ఆకురాలు కాలంలో ఎతెల్కాకు పక్షవాతం వచ్చింది. దేవుడి దయవల్ల కాళ్లూ చేతులూ మళ్లీ పనిచేశాయి. కానీ సెర్బియన్ మొత్తం తుడుచుకుపోయింది. పెద్దయ్యాక నేర్చుకున్న మాటలు పోయి, తల్లి దగ్గర నేర్చుకున్న మాటలే మిగిలాయి. ఇలా కొందరికి అవుతుందని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి స్వెతొజార్ దిగువ వీధికి వెళ్లడం మానేశాడు. వెళితే ఆమెతో ఏ భాషలో మాట్లాడాలి? ఎవరైనా అడిగితే పని ఒత్తిడి అనేవాడు.

ఆ తర్వాతి వసంతంలో మంచు ఒక్కసారిగా కరిగింది. కాలువ నిండింది. ఆ మైదానంలో నీళ్లు పైనుంచే రావు, నేల లోపలినుంచి కూడా ఊరతాయి. పల్లంలో ఉన్న ఇళ్లకు అదే గండం. అక్కడివన్నీ పచ్చి మట్టిగోడల ఇళ్లు. అడుగు నానితే గోడ నిలవదు.

ఇలాంటి సమయాల్లో ఏం చేయాలో ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నడి వీధిలో ఉండే ఒంద్రేయ్ అనే స్లొవాకు ఆఫీసులో బంట్రోతు. దండోరా వేసే పని కూడా అతనిదే. మెడలో డోలు వేసుకుని ఎగువ వీధిలో సెర్బియన్‌లో, నడి వీధిలో స్లొవాకులో చాటేవాడు. హంగేరియన్‌లో చాటడానికి గాబోర్ అతని వెంట నడిచేవాడు. "ఫలానావాళ్ల ఇంటికి సాయం కావాలి" అని డోలు మోగితే చాలు, ఏ వీధివాడైనా పార భుజాన వేసుకుని వచ్చేవాడు. అలా కలిసి చేసే పనిని వాళ్లు మోబా అనేవారు. పిలుపు వినీ రానివాడికి ఊళ్లో మర్యాద ఉండేది కాదు. అయితే తన మాట లేకుండా దండోరా వేయకూడదని స్వెతొజార్ కార్యదర్శి అయ్యాక ఒక నిబంధన పెట్టాడు. డోలు తన చేతిలో ఉంటే తన విలువ పెరుగుతుందని అతని లెక్క.

ఒకరోజు పొద్దున్న పట్నం నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. జిల్లా కార్యాలయంలో ఒక ఉద్యోగం ఖాళీగా ఉంది. దానికి తగిన మనిషి కోసం ఆయన ఊళ్లు తిరుగుతున్నాడు. స్వెతొజార్ ఆ ఉద్యోగం మీద ఎప్పటినుంచో కన్నేసి ఉంచాడు. అధికారికి మంచి కాఫీ పోయించి, ఆఫీసు గదులన్నీ తిప్పి చూపించాడు.

"ఈ ఊళ్లలో జనం మూడు భాషలు కలగలిపి మాట్లాడతారు. నాకు తల తిరిగిపోతుంది. మీరు మాత్రం ఎంత స్వచ్ఛంగా మాట్లాడుతున్నారండీ!" అన్నాడు అధికారి.

స్వెతొజార్ ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "మా ఇంట్లో మొదటినుంచీ అంతేనండీ" అన్నాడు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. ఎతెల్కా లోపలికి వచ్చింది. మోకాళ్లదాకా బురద. తలకు కట్టుకున్న రుమాలు పక్కకు జారిపోయింది. ముసలి ప్రాణం, దిగువ వీధి నుంచి ఆఫీసుదాకా నడిచి వచ్చేసరికి ఆయాసంతో ఊగిపోతోంది. స్వెతొజార్‌ను చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"స్వెతీ, నాయనా, ఉన్నావా! బతికించావు" అంది హంగేరియన్‌లో. "వెనక గోడ అడుగున నీళ్లు ఊరుతున్నాయి. గోడ కడుపుతో ఉన్నట్టు ఉబ్బింది. గాబోరూ వాళ్లంతా పక్క ఊరికి పెళ్లికి వెళ్లారు. వీధిలో నాలాంటి ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు. ఒంద్రేయ్ చేత దండోరా వేయించు నాయనా. ఓ నలుగురు వచ్చి గోడకు దుంగలు ఆనిస్తే చాలు. కాలువదాకా చిన్న గాడి తవ్వితే నీళ్లు పోతాయి. సాయంత్రందాకా ఆగేట్టు లేదు."

స్వెతొజార్‌కు ప్రతి మాటా అర్థమైంది. అర్థం కాకపోవడమేమిటి, ఆ గొంతు విని పెరిగినవాడు. కుర్చీలోంచి సగం లేవబోయాడు.

"ఎవరీవిడ?" అన్నాడు అధికారి కాఫీ కప్పు కిందపెడుతూ. "మీకు ఆవిడ భాష వచ్చా?"

స్వెతొజార్ మళ్లీ కూర్చున్నాడు. ఇప్పుడే కదా మా ఇంట్లో మొదటినుంచీ అంతే అన్నాడు! "ఒక్క ముక్క రాదండీ" అన్నాడు.

ఒంద్రేయ్ గుమ్మం దగ్గర చేతులు నులుముకుంటున్నాడు. "నాకూ రాదు సార్. ఏదో ఆపదలో ఉన్నట్టుంది పాపం. ఎవరినైనా పిలుచుకు రానా?" అన్నాడు.

"అక్కర్లేదు. వయసు మీదపడింది, ఆరోగ్యం బాగాలేదు. రేపు కొడుకుని వెంటబెట్టుకుని రమ్మందాం" అన్నాడు స్వెతొజార్. ఆమెకేసి తిరిగి, చెవిటివాళ్లతో మాట్లాడినట్టు గట్టిగా, "రేపు! గాబోర్! రేపు రండి!" అని సెర్బియన్‌లో అరిచాడు.

ఎతెల్కాకు ఏమీ అర్థం కాలేదు. కొడుకు పేరొక్కటే తెలిసింది. అక్కడున్న బల్ల మీద కూలబడింది. బయట ఈదురుగాలి వీస్తోంది. ఆమె తెరిచి వదిలేసిన తలుపు టపటపా కొట్టుకుంటోంది. ఆమె కళ్లు మూసుకుని, ఆయాసపడుతూ, ఇంట్లో పిల్లలకు చెప్పినట్టుగా మెల్లగా అంది: "ఆ తలుపు వెయ్యి నాయనా, చలి కొడుతోంది."

స్వెతొజార్ లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

తిరిగి కుర్చీలో కూర్చున్నాక గాని తను చేసిన పని అతనికి తెలియలేదు. అధికారి గమనించలేదు, జేబులో రుమాలు వెతుక్కుంటున్నాడు. ఒంద్రేయ్ కిటికీలోంచి వీధిలోకి చూస్తున్నాడు. ఎతెల్కా మాత్రం కళ్లు తెరిచి స్వెతొజార్‌నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే అతను తట్టుకునేవాడు. ఆమె అతన్ని చూసింది, అధికారిని చూసింది, మళ్లీ అతన్ని చూసింది. తర్వాత లేచి, జారిన రుమాలు సరిచేసుకుని వెళ్లిపోయింది.

స్వెతొజార్‌కు తల కొట్టేసినట్టయింది. వెంటనే లేచి పరిగెత్తాలనిపించింది. కానీ ఇప్పుడు ఒంద్రేయ్‌ని పిలిచి దండోరా వేయమంటే, "ఆవిడ మాట రాదన్నారుగా, గోడ సంగతి ఎలా తెలిసింది?" అని అధికారి అడుగుతాడు. చెప్పిన అబద్ధం కాలికి సంకెలలా తగులుకుంది. అధికారి వెళ్లగానే వెళదాం, ఒక గంటలో ఏం మునిగిపోతుందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు. అధికారి వెళ్లలేదు. భోజనానికి కూర్చున్నాడు. చేపల పులుసు బాగుందని రెండోసారి వడ్డించుకున్నాడు. స్వెతొజార్ నవ్వుతూ వడ్డిస్తున్నాడు గాని ఆ పులుసు రుచి అతనికి తెలియలేదు.

ఇంకా బల్ల ముందునుంచి లేవకముందే ఒంద్రేయ్ రొప్పుకుంటూ వచ్చాడు.

"సార్! ఎతెల్కా ఇల్లు కూలిపోయింది!"

ఆ మాట విన్నాక అధికారి ఎప్పుడు వెళ్లాడో, ఏమని వెళ్లాడో స్వెతొజార్‌కు గుర్తులేదు. దిగువ వీధిదాకా బురదలో పరిగెత్తాడు. వెనక గోడ బయటికి ఒరిగి పడిపోయింది. దాంతోపాటు సగం పైకప్పు కిందికి దిగింది. మగవాళ్లంతా పొలాల్లో ఉండి, సాయానికి ఎవరూ రాకపోయేసరికి ఆ ముసలామె తానే పార పట్టుకుని గాడి తవ్వడం మొదలుపెట్టింది. గోడ కూలినప్పుడు మూలన ఉండబట్టి ప్రాణం దక్కింది. ఎడమ కాలు మాత్రం మట్టిపెళ్లల కింద నలిగిపోయింది. ఎగువ వీధివాళ్లు, నడి వీధివాళ్లు దండోరా లేకుండానే పరిగెత్తుకొచ్చారు. స్వెతొజార్ గోళ్లు ఊడేలా చేతులతో మట్టి తోడాడు. ఆమెను బయటికి తీసేసరికి ఆమె స్పృహలోనే ఉంది. ఆమె ముఖంలోకి చూడటానికి అతనికి మొహం చెల్లలేదు.

పొద్దు వాలుతుండగా పెళ్లి బళ్లు తిరిగొచ్చాయి. గాబోర్ బండి మీంచి దూకి తల్లి దగ్గరకు వచ్చాడు. ఆమెను పక్కింటి వసారాలో పడుకోబెట్టారు. డాక్టరు కాలికి కట్టు కడుతున్నాడు.

"ఎవరికైనా చెప్పకపోయావా అమ్మా? దండోరా వేయించమని అడగకపోయావా?" అన్నాడు గాబోర్ హంగేరియన్‌లో.

స్వెతొజార్ అక్కడే, గుంపులో, రెండు బారల దూరంలో ఉన్నాడు.

"ఆఫీసుకు వెళ్లాను" అంది ఎతెల్కా. "అక్కడ మన మాట తెలిసినవాళ్లు ఎవరూ లేరు."

ఆ మాట కూడా స్వెతొజార్‌కు అర్థమైంది. అర్థం కానట్టు ముఖం పెట్టుకుని నిలబడాల్సి వచ్చింది. భూమి చీలి తనను అక్కడికక్కడే మింగేస్తే బాగుండుననిపించింది. పైగా గాబోర్ లేచి వచ్చి, అతని భుజం మీద చెయ్యి వేసి, స్వెతొజార్ వాళ్లమ్మ నేర్పిన చక్కటి సెర్బియన్‌లో అన్నాడు: "నువ్వేం చేస్తావులే, బాధపడకు. ఎప్పుడో చిన్నప్పటి మాట, మరిచిపోయావు. ఒంద్రేయ్ చెప్పాడు, నువ్వు చేతులతో మట్టి తోడావట. ఆ మేలు మరిచిపోను."

స్వెతొజార్ అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ తర్వాత రోజుల్లో ఊరంతా అతని మీద జాలిపడింది. ఎదురైన ప్రతివాడూ ఓదార్చాడు. "మీ చేతిలో ఏముందండీ, ఆవిడ ఖర్మ" అన్నారు. రొట్టెలు చేసి పంపిన ఇల్లాళ్లు కూడా ఉన్నారు. తిట్టినా బాగుండేది. ప్రతి ఓదార్పూ అతనికి చెంపదెబ్బలా తగిలేది. నిద్ర లేదు, తిండి సయించలేదు. అన్నిటికంటే అతన్ని ఎక్కువగా బాధించింది ఒకటి. తనకు ఆ మాట వచ్చునని తెలిసిన మనిషి ఊరు మొత్తం మీద ఒక్కతే. ఆ ఒక్కతే తనను కాపాడుతోంది.

కాలువలో నీళ్లు తగ్గాక ఎతెల్కా ఇల్లు మళ్లీ కట్టడానికి ఒక ఆదివారం మోబా పిలిచారు. ఒంద్రేయ్ డోలు మూడు వీధుల్లోనూ మోగింది. మూడు వీధులూ కదిలివచ్చాయి. మగవాళ్లు మట్టిలో గోధుమ గడ్డి కలిపి వట్టి కాళ్లతో తొక్కుతున్నారు. ఆడవాళ్లు పెద్ద కాగుల్లో వంట చేస్తున్నారు. స్వెతొజార్ కూడా బూట్లు విప్పి, ప్యాంటు మడిచి మట్టి తొక్కాడు. కార్యదర్శిగారు కూడా వచ్చారని అందరూ మెచ్చుకుంటుంటే తల వంచుకుని ఇంకా గట్టిగా తొక్కాడు.

మల్బరీ చెట్టు కింద ఒక కుర్చీలో ఎతెల్కాను కూర్చోబెట్టారు. కట్టు కట్టిన కాలు ఒక పీట మీద చాపి ఉంది. ఆ కాలు ఇక మునుపటిలా వంగదని డాక్టరు తేల్చి చెప్పాడు. పక్కన గాబోర్ కూతురు పిరోష్క కూర్చుంది. నీళ్లు తాగడానికి అటు వెళ్లిన స్వెతొజార్‌కు వాళ్ల మాటలు వినిపించాయి. పిరోష్క ఒక్కొక్క సెర్బియన్ మాట చెబుతోంది. ముసలామె నాలుక తిరగక తంటాలు పడుతూ వల్లిస్తోంది.

"గోడ" అంది పిల్ల.

"గో... డ."

"పడిపోతోంది."

"పడి... పోతో..." ముసలామె ఆగి, నుదుటి చెమట తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టింది. "సాయం... చేయండి..."

స్వెతొజార్ చేతిలోని చెంబు అలాగే ఉండిపోయింది. "ఏం చేస్తున్నారు?" అని పిరోష్కను సెర్బియన్‌లో అడిగాడు.

"మామ్మకు మీ మాట మళ్లీ నేర్పుతున్నానండీ" అంది ఆ పిల్ల ఉత్సాహంగా. "రోజూ పొద్దున్నే తనే నన్ను లేపి కూర్చోబెడుతుంది. ఇంకోసారి ఆఫీసుకు వెళ్లాల్సివస్తే మీకు ఇబ్బంది కలగకూడదట."

అంతే, అతని వల్ల కాలేదు. చెంబు కింద పెట్టేశాడు. బురద కాళ్లతోనే ఆమె ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు. నోరు తెరిచాడు. ఇన్నేళ్లుగా బయటికి రాని హంగేరియన్ ఒక్కసారిగా బయటికి వచ్చింది. పట్నం కుర్రాళ్లు వెక్కిరించిన ఆ దిగువ వీధి యాసతోనే వచ్చింది.

"నాకు అంతా అర్థమైంది" అన్నాడు అందరికీ వినబడేలా. "ఆ రోజు నువ్వు చెప్పిన ప్రతి మాటా అర్థమైంది. గోడ ఉబ్బిందన్నావు, దుంగలు ఆనించమన్నావు, సాయంత్రందాకా ఆగదన్నావు. విన్నాను. ఆ పట్నపాయన ముందు నామోషీ అనిపించి రాదన్నాను. నేనెప్పుడూ మీ మాట మరిచిపోలేదు. అందరికీ అబద్ధం చెప్పాను."

మట్టి తొక్కుతున్న కాళ్లు ఆగిపోయాయి. హంగేరియన్ తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు గుసగుసగా చెప్పారు. ఆ గుసగుస వంట దగ్గరి ఆడవాళ్లదాకా పాకింది. ఒంద్రేయ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. గాబోర్ చేతిలో పారతో అలాగే నిలబడిపోయాడు. చిన్నప్పుడు ఒకే ఏడాది ఒకరి తల్లి దగ్గర మరొకరు పెరిగిన మనుషులు. గాబోర్ ముఖం ఎర్రబడింది. కొడతాడేమోనని అందరూ అనుకున్నారు. అతను కొట్టలేదు.

"మా అమ్మ కాలు..." అన్నాడు సెర్బియన్‌లో. పార పడేసి వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

స్వెతొజార్ తలెత్తలేదు. ఎతెల్కా చెయ్యి చాపి అతని తల మీద పెట్టింది. మట్టి అంటుకున్న జుట్టు పక్కకు తీసింది.

"నీకు అర్థమైందని నాకు ఆ రోజే తెలుసు నాయనా" అంది. "ఎవరూ చెప్పకపోయినా లేచి తలుపు వేసేంత మంచి పిల్లవాడివేం కాదు నువ్వు, చిన్నప్పటినుంచీ." అంత బాధలోనూ ఆమె పెదవుల మీద చిన్న నవ్వు మెరిసింది. అది ఎంతోసేపు నిలవలేదు. "నలుగురిలో నా మాట మాట్లాడటం నీకు చిన్నతనంగా ఉందని కూడా తెలిసింది. అందుకే నీ మాట నేర్చుకుంటున్నా. నా మూలంగా నువ్వు ఎవరి ముందూ తల దించుకోకూడదు కదా."

స్వెతొజార్ ఆమె కాళ్ల దగ్గర పడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఎవరూ వచ్చి లేపలేదు. కొంతసేపయ్యాక ఎవరో ఒకరు మళ్లీ మట్టి తొక్కడం మొదలుపెట్టారు. అతనూ లేచి వెళ్లి తొక్కాడు. సాయంత్రానికి గోడ నడుమెత్తు లేచింది.

పట్నం ఉద్యోగం మరెవరికో వెళ్లింది. దానికి అతను దిగులు పడలేదు. దండోరాకు తన అనుమతి కావాలన్న నిబంధన మర్నాడే ఎత్తేశాడు. అప్పటినుంచి దిగువ వీధిలో ఎవరు ఎదురైనా తనే ముందు హంగేరియన్‌లో పలకరించేవాడు. వాళ్లెవరూ అతన్ని తిట్టలేదు, ముఖం తిప్పుకోలేదు. మర్యాదగా టోపీ ఎత్తి, నెమ్మదిగా, స్వచ్ఛమైన సెర్బియన్‌లో జవాబిచ్చేవారు. గాబోర్ కూడా అంతే. అతను హంగేరియన్‌లో అడిగేవాడు, వాళ్లు సెర్బియన్‌లో బదులు చెప్పేవారు. అలా ఏళ్లు గడిచాయి. ఆ వీధిలో అతనితో హంగేరియన్‌లో మాట్లాడింది ఎతెల్కా ఒక్కతే. అతను వెళ్తే కర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో కూర్చుని, ఊరి కబుర్లన్నీ అతనికి చెప్పేది. ఆమె పోయిన తర్వాత ఆ మాట అతని చెవిన వేసేవాళ్లు లేకుండా పోయారు.

పిల్లలూ, మనల్ని పెంచిన మనుషులను, వాళ్ల మాటను నలుగురిలో మావాళ్లు, మా మాట అని చెప్పుకోవడానికి ఎన్నడూ సిగ్గుపడకూడదు; అలా సిగ్గుపడి దాచినవాడు తర్వాత బతికినంత కాలం నిజంగా సిగ్గుపడాల్సి వస్తుంది.